శనివారం పారాయణ, జోనింగ్ నోటీసు: ఒక కేసు పూర్వాపరాలు

ఆ కాగితం పదమూడు రోజులు ఫ్రిజ్ మీద, తిరుపతి మాగ్నెట్ కింద ఉండిపోయింది. పద్నాలుగో రోజు ఉదయం నాకు ఫోన్ వచ్చింది. "లాయర్ గారూ, టౌన్‌షిప్ నుంచి ఏదో లెటర్ వచ్చిందండీ. అంత అర్జెంటేం కాదనుకుంటా, మీకు వీలున్నప్పుడు ఒకసారి చూస్తారేమోనని..."

ఫొటో తీసి పంపమన్నాను. చూశాక కారు పక్కకి తీసి ఆపుకున్నాను. న్యూజెర్సీలో జోనింగ్ ఆఫీసర్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే టౌన్‌షిప్ నియమాలు, అంటే స్థానిక ప్రభుత్వ నియమాలు, అమలు చేసే అధికారి) ఇచ్చిన ఉత్తర్వు మీద జోనింగ్ బోర్డుకి అప్పీలు చేసుకోవాలంటే గడువు 20 రోజులు. అది దాటితే ఆ ఉత్తర్వులో రాసిందే ఖాయమైపోయే ప్రమాదం ఉంది. మాకు మిగిలింది వారం, అందులో ఒక శని, ఒక ఆది.

నేను న్యూజెర్సీలో లాండ్ యూజ్ కేసులు చూస్తాను. క్లయింట్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇది పారాయణ కేసే అయినా, ఇళ్లలో కాటేజ్ ప్రార్థనలు పెట్టుకునే మన క్రైస్తవ కుటుంబాలకీ, రంజాన్‌లో ఇంట్లో తరావీహ్ నమాజు చేసుకునేవాళ్లకీ చట్టం ఇదే.

నోటీసులో ఉన్నది క్లుప్తంగా: మీ ఇల్లు ఒకే కుటుంబం నివసించే ఇళ్ల జోన్‌లో ఉంది. దాన్ని మీరు 'హౌస్ ఆఫ్ వర్షిప్'గా వాడుతున్నారు. ఈ జోన్‌లో ప్రార్థనా మందిరం షరతులతో కూడిన వాడకం; దానికి కనీసం 3 ఎకరాల స్థలం కావాలి, మూడు సీట్లకి ఒక పార్కింగ్ చొప్పున ఉండాలి, సైట్ ప్లాన్ ఆమోదం ఉండాలి. ఇవేవీ లేవు కాబట్టి వెంటనే ఆపండి. ఆపకపోతే మునిసిపల్ కోర్టు, 2,000 డాలర్ల దాకా జరిమానా, ప్రతి రోజూ ఒక కొత్త ఉల్లంఘన కిందే లెక్క.

వీళ్ల స్థలం 17,000 చదరపు అడుగులు. ఎకరంలో నలభై శాతం కూడా లేదు.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది గృహస్థు తల్లిగారు. డెబ్భై ఎనిమిదేళ్లు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కూచుని, అప్పటిదాకా దాచుకున్న ప్రశ్న అడిగేశారు. "నాయనా, మన ఇంట్లో మనం దేవుణ్ణి తలుచుకోడానికి కూడా పర్మిషన్ కావాలా ఈ దేశంలో?"

"తలుచుకోడానికి అక్కర్లేదమ్మా. కార్లు పెట్టుకోడానికి కావాలేమో," అన్నాను. ఆవిడ నవ్వలేదు. తర్వాత ఆలోచిస్తే, కేసంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉందనిపించింది.

అసలు ఏం జరుగుతోంది

ఈ రకం కేసులో నేను మొదటి రెండు గంటలు చట్టం ఊసెత్తను. ప్రశ్నలే. ఎన్నాళ్లుగా, వారానికి ఎన్నిసార్లు, ఎంతమంది, ఎన్ని కార్లు, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది. ఎవరొస్తారు: తెలిసినవాళ్లేనా, ఎవరైనా రావచ్చా. పురోహితుడికి డబ్బు ఎవరిస్తారు. హుండీ ఉందా. బయట బోర్డు ఉందా. మైకు ఉందా. చెప్పులు ఎక్కడ విడుస్తారు.

చివరి ప్రశ్న వింతగా అనిపిస్తుంది కానీ, వీధిలోంచి చూసేవాడికి కనిపించేది అదే. నలభై జతల చెప్పులు వరండాలో, మెట్ల మీద, లాన్ అంచుదాకా ఉంటే, లోపల వాళ్లు విష్ణు సహస్రనామం చదువుతున్నారా, ఫుట్‌బాల్ చూస్తున్నారా అన్న అనుమానం ఎదురింటాయనకి ఉండదు.

కోవిడ్‌లో మొదలైంది. ఆరు కుటుంబాలు జూమ్‌లో శనివారం సాయంత్రం సహస్రనామ పారాయణ చేసేవి. కోవిడ్ తగ్గాక ఒకళ్లింట్లో కలుద్దామనుకున్నారు. బేస్‌మెంట్ పెద్దదని వీళ్లిల్లు ఖాయమైంది. ఆరు కుటుంబాలు పన్నెండయ్యాయి. ఐదున్నరకి మొదలు, ఏడుకి హారతి, తర్వాత పులిహోర, దద్ధోజనం, పిల్లల ఆటలు. ఎనిమిదిన్నరకి అందరూ వెళ్లిపోతారు. మామూలు శనివారం ముప్ఫై, ముప్ఫై ఐదు మంది. బేస్‌మెంట్‌లో రెండున్నర అడుగుల వేంకటేశ్వరస్వామి విగ్రహం, గోడకి చెక్క మందిరం.

ఇంతవరకూ నాకు బెంగ లేదు. బెంగ పుట్టించినవి వేరే.

మొదటిది, వైకుంఠ ఏకాదశి. ఆ రోజు నూట నలభై మంది వచ్చారు. పెరట్లో టెంటు వేశారు.

రెండోది, వాట్సాప్ ఫ్లయర్. దాని మీద అడ్రసు, 'అందరూ ఆహ్వానితులే', కింద విరాళాలకి క్యూఆర్ కోడ్. శీర్షికలో 'మన మందిరంలో' అని పెద్ద అక్షరాలు. రాసినావిడ భక్తితోనే రాశారు, తప్పు పట్టలేం. కానీ జోనింగ్ ఆఫీసర్ ఆ మాటని అనువాదం చేయించుకుంటే 'మన ఇంట్లో' అని రాదుగదా.

మూడోది అన్నిటికన్నా బరువైనది. ఎప్పటికైనా స్థలం కొనాలన్న ఆశతో వీళ్లు ఒక నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్ పెట్టారు. 501(సి)(3) పన్ను మినహాయింపుకి దరఖాస్తు చేశారు. రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు? ఈ ఇల్లే. రాష్ట్రప్రభుత్వ రికార్డుల్లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. మత సంస్థ పేరు, పక్కన ఇంటి నంబరు.

ఆ వారమే ఆ అడ్రసు వాళ్ల అకౌంటెంట్ ఆఫీసుకి మార్పించాను. మార్చినంత మాత్రాన పాతది చెరిగిపోదు, కానీ బోర్డు ముందు 'తెలిసీ అలాగే ఉంచారు' అనే మాట పడకూడదు.

ఏ ఫారం నింపాలి

ఇక్కడ కొంచెం ఆగుతాను. నా దగ్గరికి వచ్చే ఇలాంటి కేసుల్లో సగం ఈ మలుపులోనే పాడవుతాయి.

జోనింగ్ ఆఫీసర్ మంచివాడు. ఫోన్ చేస్తే మర్యాదగా సలహా ఇచ్చాడు: "యూజ్ వేరియన్స్‌కి అప్లై చేసుకోండి, బోర్డు చూసుకుంటుంది." క్లయింటుకీ అది నచ్చింది. అప్లికేషన్ పెడితే పర్మిషన్ వస్తుంది, తగువు ఉండదు. మనవాళ్లకి సహజంగా తోచే దారి అది: గవర్నమెంటు అడిగిందిగా, ఒక దరఖాస్తు పడేద్దాం.

యూజ్ వేరియన్స్ అంటే 'ఈ జోన్‌లో ఒప్పుకోని వాడకాన్ని నాకు ప్రత్యేకంగా ఒప్పుకోండి' అని అడగడం. అంటే మొదటి పేజీలోనే 'నా ఇల్లు ప్రార్థనా మందిరం' అని మనం సంతకం పెట్టి ఇచ్చినట్టు. ఆ తర్వాత ఏడుగురు సభ్యుల బోర్డులో ఐదు ఓట్లు రావాలి; నాలుగు వస్తే ఓడినట్టే. ఇంజనీరు, ట్రాఫిక్ నిపుణుడు, సైట్ ప్లాన్, టౌన్‌షిప్ వాళ్ల నిపుణుల ఫీజులకి ముందే కట్టి ఉంచే ఎస్క్రో డిపాజిట్, అన్నీ మన ఖర్చే. న్యూజెర్సీలో ఒక సౌలభ్యం ఉన్నమాట నిజమే: ప్రార్థనా మందిరాలని ఇక్కడి కోర్టులు స్వతహాగా ప్రజాహితమైన వాడకం కింద లెక్కిస్తాయి. 1992లో సీకా వర్సెస్ వాల్ టౌన్‌షిప్ తీర్పులో రాష్ట్ర సుప్రీంకోర్టు అలాంటివాటికి ఒక తూకం ఇచ్చింది: ప్రజాహితం ఎంత, చుట్టుపక్కలకి ఇబ్బంది ఎంత, షరతులతో ఆ ఇబ్బంది ఎంత తగ్గించొచ్చు, అన్నీ కలిపి చూస్తే ఎటు మొగ్గుతుంది. కానీ 17,000 చదరపు అడుగుల స్థలంలో, నాలుగు కార్లు పట్టే డ్రైవ్‌వేతో, ఆ తూకం ఎటు మొగ్గుతుందో చెప్పడానికి లాయరక్కర్లేదు. ఓడాక మిగిలేది ఏమిటి? మన చేతిరాతతోనే 'ఇది మందిరం' అన్న రికార్డు.

అందుకని రెండో ఫారం: ఆఫీసర్ నిర్ణయం తప్పు అని అప్పీలు. 'మేం మందిరం పెట్టలేదు, మా ఇంట్లో మేం అతిథుల్ని పిలిచాం, మీరు మీ ఆర్డినెన్స్‌నే (టౌన్‌షిప్ చేసుకున్న స్థానిక చట్టాన్నే) తప్పుగా చదివారు.' దీనికి ఐదు ఓట్ల నియమం లేదు, హాజరైనవాళ్లలో మెజారిటీ చాలు. పైగా అప్పీలు దాఖలైతే, ప్రాణాపాయం లాంటి కారణం చూపిస్తే తప్ప, ఆ ఉత్తర్వు అమలు అక్కడితో ఆగుతుంది. శనివారాలు ఆగవు.

అడిగేది ఒకే స్థలం గురించి, ఒకే బోర్డుని. కానీ రెండు ఫారాలూ రెండు వ్యతిరేకమైన కథలు చెప్తాయి. ఏ కథ మనదో ముందే తేల్చుకోవాలి.

పద్దెనిమిదో రోజు దాఖలు చేశాం.

'సరాసరి ఫెడరల్ కోర్టుకే వెళ్దామండీ'

ఇది గృహస్థు మాట. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. రాత్రంతా కూచుని చదివి, మర్నాడు నాకు ఇరవై లింకులు పంపాడు. ఆయన కనుక్కున్న చట్టం సరైనదే. 2000 సెప్టెంబరులో క్లింటన్ సంతకం పెట్టిన రిలిజియస్ లాండ్ యూజ్ అండ్ ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ పర్సన్స్ యాక్ట్. మా వృత్తిలో ఆర్‌లూపా అంటాం. జోనింగ్ పేరుతో మతాచరణ మీద గణనీయమైన భారం మోపకూడదు; మోపితే చాలా గట్టి ప్రభుత్వ అవసరం ఉందని, అంతకంటే తక్కువ భారమైన దారి లేదని వాళ్లే రుజువు చేయాలి. మతేతర సమావేశాలకన్నా మత సమావేశాలని తక్కువగా చూడకూడదు. మతాన్నిబట్టి వివక్ష చూపకూడదు. ఊరిమొత్తంలో ప్రార్థనా స్థలాలే లేకుండా చేయకూడదు. గెలిస్తే లాయరు ఫీజులు కూడా ఎదుటివాళ్లే కట్టాల్సి రావచ్చు.

"అయితే ఇంకేం?" అన్నాడాయన.

కనెటికట్‌లోని న్యూ మిల్‌ఫర్డ్ కేసు చెప్పాను. అక్కడ ఒక దంపతులు కల్-డి-సాక్‌లో (చివర మూసుకుపోయే వీధిలో) ఉన్న తమ ఇంట్లో ఆదివారాలు ప్రార్థన కూటాలు పెట్టేవాళ్లు. కుటుంబం కానివాళ్లు పాతిక మందికి మించి క్రమం తప్పకుండా చేరకూడదని టౌను ఉత్తర్వు ఇచ్చింది. వాళ్లు జోనింగ్ బోర్డుకి అప్పీలు పెట్టకుండా ఫెడరల్ కోర్టుకి వెళ్లారు, కింది కోర్టులో గెలిచారు కూడా. 2005లో రెండో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు (కనెటికట్ ఉన్న ప్రాంతానికి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) ఆ గెలుపుని కొట్టేసింది. టౌను చివరి మాట ఏమిటో తేలలేదు, కేసు ఇంకా పక్వానికి రాలేదు, పొండి అంది. ఏళ్ల తరబడి పోరాడి తిరిగి మొదటి మెట్టు మీద నిలబడడం. మాది మూడో సర్క్యూట్, ఆ తీర్పు మాకు శిరోధార్యం కాదు. కానీ ఆ గోతిలో మా కాలు మేమే పెట్టుకోవడం ఎందుకు?

సరిగ్గా అదే ఏడు, ఫ్లోరిడా ఆరెంజ్ కౌంటీలో ఇంకో కథ. కొనికోవ్ అనే రబ్బీ ఇంట్లో వారానికి కొన్నిసార్లు ప్రార్థనలు జరిగేవి. కౌంటీ అది నిషిద్ధమంది. పదకొండో సర్క్యూట్ అడిగింది ఒక్కటే: అంతేమంది, అన్నేసార్లు, ఇంకో పనికోసం ఆ ఇంటికి వస్తే మీరు నోటీసు ఇచ్చేవారా? ఇవ్వరు. అయితే మీరు శిక్షిస్తున్నది గుంపుని కాదు, ప్రార్థనని. నేను నా కేసు కట్టుకున్నది ఈ ప్రశ్న చుట్టూనే.

అన్నీ ఇలాగే ఉండవు. అదే పదకొండో సర్క్యూట్ 1983లో మయామీ బీచ్‌లోని ఒక రబ్బీ ఇంటి గ్యారేజీలో సాగే ప్రార్థనల కేసులో ఊరినే గెలిపించింది. అది ఆర్‌లూపాకి పదిహేడేళ్ల ముందు. మన లింకుల్లో ఓడినవి కనిపించవు, గెలిచినవే షేర్ అవుతాయి.

నా చేతిలో ఉన్న గట్టి ఆయుధం మాత్రం ఫెడరల్ కోర్టుది కాదు, ఇంటిదే. 1985లో స్టేట్ వర్సెస్ కామెరాన్. న్యూజెర్సీ ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో ఒక పాస్టరు తన చిన్న సంఘాన్ని వారానికోసారి ఇంట్లో చేర్చేవాడు. 'చర్చిలు, అలాంటి ఆరాధనా స్థలాలు' నిషేధం అన్న ఆర్డినెన్స్ కింద శిక్ష పడింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంట్లో కలిసి ప్రార్థన చేసుకోవడం ఏ గీత దాటితే చర్చి అవుతుందో ఆ ఆర్డినెన్స్ చదివిన మామూలు మనిషికి తెలియదు, అంత అస్పష్టమైన నియమంతో మనిషిని దోషి అనలేం అన్నది సారాంశం.

మా టౌన్‌షిప్ ఆర్డినెన్స్ అంత అధ్వాన్నంగా లేదు. అందులో నిర్వచనం ఉంది: 'ప్రధానంగా మతారాధనకు వాడే భవనం లేదా భవన భాగం.' నేను ఆ వాక్యాన్ని ప్రింటు తీసి 'ప్రధానంగా' చుట్టూ ఎర్ర సిరాతో గీసి గోడకి అంటించుకున్నాను.

200 అడుగులు

ఇలాంటి అప్పీలు విచారణకి వచ్చే ముందు, స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న ప్రతి ఆస్తి యజమానికీ కనీసం పది రోజుల ముందు నోటీసు అందాలి. పేపర్లో ప్రకటన వేయాలి. సర్టిఫైడ్ మెయిల్ వస్తే జనం మొదట భయపడతారు, తర్వాత కోపం తెచ్చుకుంటారు. ఉత్తరాలు పోస్టు చేసే ముందే తలుపు తట్టి రండి అని ఆ దంపతులకి చెప్పాను. లడ్డూలు తీసుకెళ్లొద్దు, సంజాయిషీ చెప్పొద్దు, ఏం ఇబ్బందిగా ఉందో అడిగి రాసుకోండి, అంతే.

పదకొండిళ్లు. ఒకావిడ తలుపు తీసి, "తొమ్మిదేళ్లలో మీరు మా గుమ్మం తొక్కడం ఇదే మొదలు," అందిట. ఇల్లాలు ఇంటికొచ్చి ఏడ్చారు. వాళ్లకి మేం ఎదురుగా ఉండి కూడా కనిపించలేదండీ, లేక వాళ్లే మాకు కనిపించలేదా అని నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఫిర్యాదు చేసినాయన ఎదురిల్లే. రిటైరైన మనిషి, భార్యకి పార్కిన్సన్స్. ఆయన దగ్గర ఒక స్పైరల్ నోట్‌బుక్ ఉంది. తేదీ, టైము, కార్ల సంఖ్య. ఎక్కువ రాసిన శనివారం 23. "మీ దేవుడితో నాకేం పేచీ లేదు. శనివారం సాయంత్రం మా ఆవిణ్ణి చూసుకునే అమ్మాయి కారు పెట్టుకోడానికి రెండు వీధులు తిరుగుతోంది. అంబులెన్స్ వస్తే ఎట్లా?"

నేను టేపు తీసుకుని వీధిలోకి దిగాను. రోడ్డు వెడల్పు 28 అడుగులు. రెండు పక్కలా కార్లు నిలిస్తే ఒక్కోటి ఏడడుగులు తింటుంది, మధ్యలో మిగిలేది 14. ఫైర్ ఇంజిన్ దారికి అంతర్జాతీయ ఫైర్ కోడ్ అడిగేది 20. ఒక్కపక్కనే పెడితే 21 మిగులుతుంది. ఎదురింటాయన అడిగింది సబబే, కొలత ఆయన వైపే ఉంది. రెండు పక్కలా పార్కింగ్ చట్టప్రకారం నిషేధం కాదు, నిజమే. ఆ వాదన బోర్డు ముందు ఎత్తితే గెలిచేవాణ్ణేమో కానీ ఓట్లు పోయేవి.

ఆ శనివారం నుంచే కార్లు మనవైపు మాత్రమే. మిగతావాళ్లు మైలు దూరంలో పార్క్-అండ్-రైడ్ లాట్‌లో పెట్టి, మూడు మినీవాన్లలో పంచుకుని వచ్చేవాళ్లు. డ్రైవర్ల జాబితా రాసి ఫ్రిజ్ మీద, అదే మాగ్నెట్ కింద పెట్టారు.

బేస్‌మెంట్

ఇది నోటీసులో లేదు, ఎవరూ అడగలేదు. కానీ జోనింగ్ గెలిచి బిల్డింగ్ కోడ్‌లో ఓడినవాళ్లని చూశాను, అందుకే తెలిసిన ఆర్కిటెక్టుని తీసుకెళ్లాను. ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ యాభై మందిని గీతగా పెట్టుకుంది. అంతకు లోపైతే చిన్న సమావేశం, దాటితే సభాస్థలం. అక్కడినుంచి రెండు దారులుండాలి. కుర్చీలు వేస్తే మనిషికి ఏడు చదరపు అడుగులు లెక్క. జంపఖానా మీద బాసింపట్టు వేసుక్కూచున్నవాళ్లకి ఎంత అన్నది ఆ పట్టికలో లేదు, మన అలవాటు రాసినవాళ్లకి తెలియదు పాపం. లెక్క ఎలా వేసినా ఆ బేస్‌మెంట్‌కి ఉన్నది ఒకే మెట్ల దారి, మనిషి దూరగలిగే కిటికీ ఒక్కటీ లేదు. పక్కనే ఫర్నెస్. ఆ మెట్ల కింద అఖండ దీపం.

మామ్మగారికి నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. దీపం, స్వామి, పారాయణ మేడమీదికి, ఫ్యామిలీ రూములోకి వచ్చాయి. అక్కణ్ణించి బయటికి మూడు తలుపులు.

విచారణ

మొదటి రోజు హాలు నిండింది. మనవాళ్లు అరవైమంది పట్టుచీరల్లో, పంచెల్లో వద్దామనుకున్నారు. వద్దన్నాను. బోర్డు ముందు మేం 'చిన్న గుంపు' అని చెప్పబోతూ అరవైమందిని చూపిస్తే ఎలా? పన్నెండు మంది వచ్చారు.

మా ప్లానర్ (మేం పిలిచిన స్థల వినియోగ నిపుణుడు) సాక్ష్యం లెక్కల్లో సాగింది. వారానికి 168 గంటలు. పారాయణ, భోజనం కలిపి మూడు. ఇంటి విస్తీర్ణంలో ఆ మూడు గంటలు వాడే గది ఎంత శాతం. మిగతా 165 గంటలు అక్కడ ఒక కుటుంబం నిద్రపోతోంది, వంట చేసుకుంటోంది, హోంవర్కు చేయిస్తోంది. 'ప్రధానంగా' అన్న మాటకి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు.

తర్వాత ఒక అర్చకస్వామిని కూచోబెట్టాను. ఇంట్లో చేసేది గృహార్చన, గుళ్లో జరిగేది ఆలయార్చన. ఇక్కడ ఆగమ విధిగా ప్రతిష్ఠ జరగలేదు, ధ్వజస్తంభం లేదు, రోజూ నైవేద్యం పెట్టేది ఈ ఇంటి మనిషే అని చెప్పాడాయన. బోర్డు లాయరు ఐదు నిమిషాలకే ఆపేశాడు. ప్రభుత్వ బోర్డు శాస్త్రార్థంలోకి దిగకూడదని. ఆయన చెప్పింది నిజం, ఆ సాక్షిని పిలవడం నా తప్పు. ఇవాళ గృహార్చన అని గెలిస్తే, రేపు ప్రతిష్ఠ చేసుకున్న ఇంటివాడి గతేమిటి? నేను ఇంకొకరి కేసుని చెడగొట్టబోయాను.

కేసు తేలింది జోనింగ్ ఆఫీసర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో.

"ఇదే ఇంటికి, ఇదే ముప్ఫై ఐదు మంది, ప్రతి శనివారం కాలేజీ ఫుట్‌బాల్ చూడ్డానికి వస్తే నోటీసు ఇస్తారా?"

చాలాసేపు ఆలోచించాడు. మంచివాడని ముందే చెప్పానుగా. "పార్కింగ్ గురించి మాట్లాడేవాణ్ణి. నోటీసు ఇచ్చేవాణ్ణి కాదు."

నేను కూచున్నాను. మూడో సర్క్యూట్ 2007లో లైట్‌హౌస్ వర్సెస్ లాంగ్ బ్రాంచ్‌లో పెట్టిన కొలబద్ద ఇదే: నియమం ఏ ప్రయోజనం కోసం పెట్టారో, ఆ ప్రయోజనం దృష్ట్యా ఒకేలాంటివైన మతేతర గుంపుకన్నా మత గుంపుని తక్కువగా చూశారా అని. బోర్డు లాయరు నోట్సు రాసుకోవడం కనిపించింది. 2017లో బెర్నార్డ్స్ టౌన్‌షిప్ ఒక మసీదు దరఖాస్తు తిరస్కరించిన కేసులో 32.5 లక్షల డాలర్లకి రాజీ పడింది. అక్కడా తగువులో పెద్ద ముక్క పార్కింగే: చర్చిలకి వాడే లెక్కతో 50 సరిపోతుంటే మసీదుకి 107 కావాలన్నారు. న్యూజెర్సీలో బోర్డు లాయర్లెవరికీ ఆ అంకె చెప్పనక్కర్లేదు.

గెలిచామనుకుంటున్న సమయంలో ఎదురింటాయన పెట్టుకున్న లాయరు లేచి ఒక ప్రింటవుట్ అందించాడు. గూగుల్ మ్యాప్స్‌లో ఈ ఇంటి మీద ఒక గుర్తు. పేరు: శ్రీ వేంకటేశ్వర మందిరం. వర్గం: హిందూ దేవాలయం. పనివేళలు: శనివారం. కింద తొమ్మిది రివ్యూలు. ఒకటి ఆయన పైకి చదివాడు: ప్రసాదం అద్భుతం, పార్కింగ్ కష్టం, నాలుగు నక్షత్రాలు.

హాలంతా నవ్వింది. నాకు చెమటలు పట్టాయి. అన్నీ అడిగిన నేను ఇదొక్కటి అడగలేదు. ఎవరో భక్తుడు, దారి సులువుగా దొరకాలని పెట్టాడు. ఈ దంపతులకి ఉన్నట్టే తెలియదు. తెలియదని ప్రమాణం చేసి చెప్పారు. బోర్డు నమ్మినట్టే కనిపించింది, కానీ విచారణ ఇంకో నెలకి వాయిదా పడింది. ఇప్పుడు నా మొదటి ప్రశ్నల జాబితాలో చెప్పుల తర్వాత వచ్చేది మ్యాపే.

రెండో రోజు ఒక సభ్యురాలు అసలైన ప్రశ్న వేసింది: "ముప్ఫై ఐదు మంది సరే. నూట నలభై మంది, టెంటు?" దానికి నా దగ్గర మంచి జవాబు లేదు, ఉన్నట్టు నటించలేదు. ఏకాదశి, ఉగాది లాంటివి ఇకమీద స్కూలు కెఫెటేరియా అద్దెకి తీసుకుని చేసుకుంటారని చెప్పాను. అప్పీలులో బోర్డు షరతులు పెట్టడానికి వీల్లేదన్నది నా అభిప్రాయం. అందుకని అవి షరతులుగా కాక, గృహస్థు స్వయంగా ఇచ్చిన మాటగా రికార్డులోకి ఎక్కించాం: నలభై మందికి మించరు, వీధిలో ఒకపక్కే, ఎనిమిదికల్లా చివరి కారు, అడ్రసుతో బహిరంగ ఆహ్వానాలు లేవు, హుండీ లేదు. క్యూఆర్ కోడ్ తీసేశారు. మ్యాప్‌లో గుర్తు తీయించడానికి మూడు వారాలు పట్టింది.

ఐదు, రెండు ఓట్లతో నోటీసు రద్దయింది.

మా వైపు కొందరికి ఆ మాటలివ్వడం నచ్చలేదు. పక్క వీధిలో బార్బెక్యూలకి ఎవడైనా లెక్కపెడుతున్నాడా, మనమెందుకు తగ్గాలి అని వాట్సాప్‌లో వేడిగా నడిచింది. చట్టం లెక్కన వాళ్ల మాటలో బలం ఉంది. నా లెక్క వేరే: ఓట్లు ఐదు వచ్చాయి, ఆ ఐదులో రెండు పార్కింగ్ మాట విన్నాకే కదిలాయి. అది నా ఊహే. ఇంకో లాయరైతే ఏమీ వదులుకోకుండా గెలిచేవాడేమో.

తీర్మానం పేపర్లో ప్రకటించాక 45 రోజుల్లోగా ఎదురింటాయన కోర్టుకి వెళ్లొచ్చు. వెళ్లలేదు. నోట్‌బుక్ మాత్రం కొనసాగిస్తున్నాడు, ఇప్పుడు పేజీకి ఐదారు కార్లే. ఆయన భార్యని చూసుకునే అమ్మాయి శనివారాలు మా క్లయింటు డ్రైవ్‌వేలో కారు పెట్టుకుంటుంది, మామ్మగారి ఏర్పాటు.

పోయిన నెల ఆ నాన్‌ప్రాఫిట్ వాళ్లు హైవే పక్కన నాలుగెకరాలు చూశారు, మళ్లీ నన్నే పిలిచారు. ఈసారి నింపబోయేది ఆ మొదటి ఫారమే. మొదటి పేజీలోనే 'హౌస్ ఆఫ్ వర్షిప్' అని నా చేత్తో రాయాలి, సీకా తూకం బోర్డు ముందు నేనే పెట్టాలి. బోర్డు అదే. పాత విచారణ ట్రాన్స్‌క్రిప్టు 212 పేజీలు. అందులో 'ఇది మందిరం కాదు' అని నేను ఎన్నిసార్లు అన్నానో ఎదుటి లాయరు లెక్కపెట్టి తెస్తాడు. అందుకని నిన్న రాత్రి నేనే ముందు కూచుని లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి.